ఇంగ్లీషులో వద్దనడం

పెళ్ళి భోజనంలో మనిషి ఎంత తింటాడన్నది అతని కడుపును బట్టి ఉండదు, పక్కన ఎవరు కూర్చున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. పాలకొల్లు చుట్టుపక్కల పెళ్ళిళ్ళకు సరుకుల లెక్క వేస్తూ వేస్తూ నాకు నేనే పట్టుకున్నాను. ఇన్ని విస్తళ్ళంటే ఇంత బియ్యం, ఇంత కందిపప్పు, ఇన్ని వంకాయలు అని వంటవాళ్ళకు చెప్పడం నా పని. వియ్యంకుడి పక్కన కూర్చున్న పెద్దమనిషి బూరెను సగం తిని పక్కన పెడతాడు. అదే పెద్దమనిషి చిన్ననాటి స్నేహితుడి పక్కన కూర్చుంటే నాలుగు తిని, ఐదోదానికి మధ్యలో వేలితో గుంట చేసి నెయ్యి కోసం ఎదురుచూస్తూ కూర్చుంటాడు. మనిషి అతనే, కడుపూ అదే. నా లెక్క మాత్రం తప్పుతుంది.

లెక్క సరిచేసుకోవడం నాకు తెలుసు. వియ్యాలవారి బంతికి కాస్త తగ్గించి, స్నేహితుల బంతికి కాస్త పెంచితే సరిపోతుంది. అసలు ఎందుకలా తింటారన్నది మాత్రం ఎన్ని కూడికలు వేసినా తేలలేదు. మా అమ్మాయి ఉద్యోగంలో చేరాక, దూరవిద్యలో తెచ్చుకున్న డిగ్రీ పట్టుకుని వెళ్ళి యూనివర్సిటీలో ఎమ్మే సైకాలజీలో చేరాను. ఈ సంగతి తెలిశాక మా వీధి రెండు జట్లయింది. నాకు పిచ్చి పట్టిందన్నవాళ్ళు ఒక జట్టు, పిచ్చికి మందు నేర్చుకోవడానికి వెళ్తున్నానన్నవాళ్ళు రెండో జట్టు. రెండో జట్టులో మా ఆవిడ ఒక్కతే ఉందని చాలాకాలం అనుకున్నాను. తర్వాత తెలిసింది, ఆవిడ కూడా మొదటి జట్టేనట.

డిపార్ట్‌మెంటులో ఒక నియమం ఉంది. రెండో ఏడాదిలో కౌన్సెలింగ్ ప్రాక్టికల్స్‌కి వెళ్ళాలంటే మొదటి ఏడాది అయ్యేలోపు ఇంటర్మీడియట్ స్థాయి ఇంగ్లీషు పాసవ్వాలి, మాట్లాడే పరీక్షతో సహా. ఆ పరీక్ష తప్పితే ప్రాక్టికల్స్ ఒక ఏడాది వెనక్కి పోతాయి. నేను చేరిందే వాటి కోసం. ఎవరో ఒక మనిషి ఎదురుగా కూర్చుని తన కష్టం చెప్తుంటే, వంకాయల గురించి ఆలోచించకుండా వినాలని నా కోరిక. ఒక ఏడాది ఆగడం ఇరవై రెండేళ్ళ పిల్లలకు ఏమంత పెద్ద విషయం కాదు. నా వయసులో ఏడాదికి బరువెక్కువ.

ఇంటర్మీడియట్ అన్న మాట మా చుట్టాల్లో అనవసరమైన గొడవ తెచ్చిపెట్టింది. మా బావమరిది ఫోన్ చేశాడు.

"ఏంటి బావగారండీ, ఇంటర్లో ఇంగ్లీషు తప్పారంట కదా? పెళ్ళిచూపులప్పుడు మాకు చెప్పలేదే!"

"తప్పలేదయ్యా. ఇది ఆ ఇంటర్ కాదు. మొదలుకీ చివరికీ మధ్యలో ఉండేది."

"మధ్యలో మానేశారా?"

"మానెయ్యలేదు, మొదలెట్టాను."

"సరే సరే. మా అక్కకి ఇప్పుడు తెలిసినా ఏం చేస్తుందిలెండి," అని పెట్టేశాడు.

మా ఇంగ్లీషు మేడం గారు మహారాష్ట్రలో పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. మా అమ్మాయి కంటే రెండు మూడేళ్ళు పెద్దదై ఉంటుంది. తెలుగు బాగానే మాట్లాడేది గాని మా వైపు పద్ధతులు ఆవిడకు కొత్త. నన్ను సర్ అనేది, నేను మేడం గారండీ అనేవాణ్ణి. ఇద్దరం ఒకరినొకరు అలా పిలుచుకుంటూ ఉంటే వినేవాళ్ళకు గురువెవరో శిష్యుడెవరో అర్థమయ్యేది కాదు.

నాకు చదవడం రాయడం ఫరవాలేదు. మాట్లాడటం దగ్గరే చిక్కు. ఆ పరీక్షలో ఒక చీటీ ఇస్తారు. అందులో ఒక సందర్భం ఉంటుంది. దాని ప్రకారం పరీక్షకుడితో సంభాషణ నడపాలి. మార్కులు నాలుగు గళ్ళలో వేస్తారు. చీటీలో చెప్పిన పని చేశామా లేదా, తడబడకుండా మాట్లాడామా, వ్యాకరణం, ఉచ్చారణ. గడికి పది. మొత్తం మీద ఇరవై వస్తే గట్టెక్కినట్టే.

ఒకరోజు క్లాసులో మేడం గారు ఇచ్చిన పాఠం, ఇంటికొచ్చిన అతిథికి తినడానికి ఏదైనా ఇవ్వజూపడం. అతిథి మర్యాదగా వద్దంటారు. మనం సరేనని ఊరుకుని సంభాషణ ముగించాలి. నన్ను ఇంటాయన్ని చేశారు. అతిథి జంగారెడ్డిగూడెం అవతల ఊరి నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న మా క్లాసు పిల్ల. నా బెంచీలోనే కూర్చునేది, నన్ను బాబాయ్ గారూ అనేది.

"ప్లీజ్ హావ్ సమ్ స్వీట్స్," అన్నాను.

"నో, థ్యాంక్యూ."

"ప్లీజ్. జస్ట్ వన్."

"నో నో, థ్యాంక్యూ."

"వన్ మీన్స్ ఓన్లీ వన్."

ఆ పిల్ల తల వంచుకుని, "ఓకే. హాఫ్," అంది. నేను గాల్లోనే ఒక లడ్డూ విరిచి సగం ఇచ్చాను. తీసుకుంది. మిగతా సగం ఎడమచేత్తో పట్టుకుని రెండోసారి అడగడానికి సిద్ధంగా నిలబడ్డాను.

మేడం గారు చేయెత్తారు. "సర్, ఆమె వద్దంది కదా?"

"అవునండీ. విన్నానండీ."

"మరి మళ్ళీ ఎందుకు అడిగారు?"

"అది మొదటి వద్దు కదండీ."

ఆవిడ సాయం కోసం క్లాసు వైపు చూశారు. క్లాసంతా ఆవిడ వైపే చూస్తోంది, ఇందులో తప్పేముందన్నట్టు. సుద్దముక్క ఇప్పించుకుని బోర్డు మీద వివరంగా రాశాను. మొదటి వద్దుకి విలువ సున్నా. అది అన్నం గురించి అన్న మాట కాదు, మీ ఇంటికి తిండి కోసం రాలేదని చెప్పడం. రెండో వద్దుకి సగం విలువ. కడుపు సగం నిండి ఉండొచ్చు, లేదా సిగ్గు సగమే తీరి ఉండొచ్చు, ఏదో తెలియదు. మూడో వద్దు, విస్తరికి చెయ్యి అడ్డం పెట్టి అంటే, పూర్తి విలువ. ఆ చేతి వేళ్ళ మధ్య సందు ఉంటే మాత్రం మళ్ళీ సగమే, ఆ సందులోంచి వడ్డించొచ్చు.

వెనక బెంచీలోంచి ఒక కుర్రాడు లేచాడు. "మా అమ్మమ్మ గారింట్లో చెయ్యి అడ్డం పెట్టినా లెక్కలోకి రాదండి. విస్తరి మడిచెయ్యాలి."

"మడిచాక కూడా మజ్జిగ పోసేస్తారండి మా ఇంట్లో," అంది ఇంకో అమ్మాయి.

మేడం గారు కుర్చీలో కూర్చుండిపోయారు. "అందుకా!" అన్నారు. "మా ఇంటి ఓనర్ ఆంటీ రోజూ కాఫీ కావాలా అని అడుగుతారు. రోజూ వద్దంటాను. రోజూ తెస్తారు. పాపం ఆవిడకి వినపడదేమో అనుకుని నేను గట్టిగా అరిచి చెప్తున్నాను."

"అరిస్తే మొహమాటపడుతున్నారనుకుని ఇంకాస్త పెద్ద గ్లాసుతో ఇస్తారండి," అన్నాను.

"నిజమే. పోయిన వారం నుంచి గ్లాసు మారింది."

తర్వాత ఆవిడ బోర్డు తుడిచి, ఇంగ్లీషు వాడే చోట సంగతి వేరని చెప్పారు. అక్కడ మొదటి వద్దే పూర్తి వద్దు. ఒకసారి నో అంటే అక్కడితో ఆగాలి. పరీక్షలో రెండోసారి అడిగితే పని గడిలో మార్కులు మొత్తం పోతాయి.

"మరి నిజంగా తినాలని ఉంటేనో మేడం?" అని అడిగింది నా బెంచీ పిల్ల.

"అప్పుడు మొదట్లోనే యెస్ అనాలి."

వెనక బెంచీ కుర్రాడు మెల్లగా, "అలా ఎలాగండీ, సిగ్గు కాదూ?" అన్నాడు.

నాకు భాష పట్టుబడాలంటే ఇంట్లో అలవాటు చేసుకోవాలనిపించింది. ఆ సాయంత్రం మా ఆవిడ పనసపొట్టు కూర చేసింది. ఆవపెట్టి, జీడిపప్పు వేసి చేసింది. మొదటి వడ్డన తిన్నాను. మారు వడ్డించడానికి గరిటె ఎత్తింది. నేను మేడం గారు చెప్పినట్టు నిటారుగా కూర్చుని, ఆవిడ కళ్ళలోకి చూసి, చిరునవ్వుతో, "నో, థ్యాంక్యూ," అన్నాను.

గరిటె గాల్లో ఆగింది. మా పెళ్ళయిన ఇన్నేళ్ళలో అది ఎప్పుడూ ఆగలేదు.

"ఏంటండీ?"

"నో, థ్యాంక్యూ."

ఆవిడ కూర గిన్నె మీద మూత పెట్టి లోపలికి తీసుకెళ్ళిపోయింది. నాకు నిజానికి కనీసం రెండు మార్లు తినాలని ఉంది. ఇంగ్లీషు పద్ధతి ప్రకారం నేను వద్దన్నాను కాబట్టి ఆవిడ ఆగింది. ఆవిడకు ఇంగ్లీషు రాదు, అయినా పరీక్షలో పెడితే పదికి పది వచ్చేవి. నేను మజ్జిగన్నం తిని, వంటింటి గుమ్మం వైపు చూస్తూ చెయ్యి కడుక్కున్నాను.

కాసేపటికి బావమరిది ఫోను. "బావగారండీ, అక్క ఏడుస్తోంది. మీరు బయట తినొస్తున్నారా?"

"లేదయ్యా, ఇంగ్లీషు ప్రాక్టీసు."

"ఇంగ్లీషులో అన్నం మానెయ్యమన్నారా?"

ఇంట్లో ఇలా కాదని బయట ప్రయత్నించాను. అది ఇంకా పెద్ద పొరపాటు. పాలకొల్లులో ఒక పెళ్ళి. సరుకుల లెక్క నాదే. బంతిలో నన్ను కూడా కూర్చోబెట్టారు. పెళ్ళికూతురి తండ్రి స్వయంగా బూరెల బేసిను పట్టుకుని వచ్చి, "ఒక్కటి వేసుకోండి," అన్నారు. నేను చేయి అడ్డం పెట్టి, వేళ్ళ మధ్య సందు లేకుండా దగ్గరికి చేర్చి, "నో, థ్యాంక్యూ," అన్నాను. మొదటిసారే అంత గట్టిగా చెప్పాను.

ఆయన మొహం పాలిపోయింది. బేసిను కింద పెట్టి నా చెవి దగ్గరికి వంగారు. "ఏంటండీ, పూర్ణం పులిసిపోయిందా?"

ఆయన గొంతు మరీ అంత చిన్నది కాదు. పక్కాయన నోటి దగ్గరికి తీసుకెళ్ళిన బూరె విస్తట్లో పెట్టేశాడు. అతన్ని చూసి అతని పక్కాయన పెట్టేశాడు. అలా వరస చివరిదాకా బూరెలు ఒకదాని వెనక ఒకటి కిందికి దిగాయి. సరుకుల లెక్క వేసినాయనే తినడం లేదంటే ఏదో ఉండే ఉంటుందని బంతి మొత్తం అనుకుంది. వంట మేస్త్రి గరిటె పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"నా బతుకు బుగ్గి చేస్తారేంటండీ? ముందు తినండి."

"తింటాను గాని, అది ప్రాక్టీసు..."

"తినండంటుంటే!"

బంతి మధ్యలో లేచి నిలబడి అందరూ చూస్తుండగా బూరెలు తిన్నాను. ఒకటి తింటే నమ్మకం కుదరలేదు, రెండోది తినమన్నారు. అయిదోదాని తర్వాత జనం ఊపిరి పీల్చుకున్నారు. ఆ ఊపిరి పీల్చుకోవడంలో ఎంత ఆకలేసిందో, అందరూ మామూలు కంటే ఎక్కువ తిన్నారు. చివరి బంతికి బూరెలు చాల్లేదు. నా లెక్క తప్పిందని మేస్త్రి ఇప్పటికీ అంటాడు. ఆ పరిస్థితిలో ఎవరి లెక్కయినా తప్పుతుంది.

ఈ రెండూ విని నా బెంచీ పిల్ల తల పట్టుకుంది. "బాబాయ్ గారూ, పరీక్షలో మీకు అతిథి వేషం వస్తే ఫరవాలేదు, వద్దనడం వచ్చేసింది. ఇంటాయన వేషం వస్తేనే కష్టం. వదలడం రాలేదు."

"వదలడం నేర్పమ్మా అయితే."

మధ్యాహ్నాలు క్యాంటీన్ వెనక కూర్చుని అభ్యాసం చేసేవాళ్ళం. నేను ఏదో ఒకటి ఇవ్వజూపాలి, తను వద్దనాలి, నేను వెంటనే "దట్స్ ఫైన్" అనాలి. రెండోసారి అడగడానికి నోరు తెరిస్తే తను పెన్నుతో బల్ల మీద కొట్టేది. మొదట్లో ఆ పెన్ను చప్పుడు డప్పులా వినిపించేది. ఒకసారి నిజంగానే సమోసా కొని ఇవ్వజూపాను. నో, థ్యాంక్యూ అంది. దట్స్ ఫైన్ అన్నాను. ఇద్దరం ఆ సమోసా వైపే చూస్తూ కూర్చున్నాం. అది చల్లారిపోయింది. తర్వాత తను, "బాబాయ్ గారూ, ఇప్పుడు తెలుగులో అడగండి," అంది. తెలుగులో మూడుసార్లు అడిగి ఇచ్చాను. తినేసింది. మొత్తానికి పరీక్ష నాటికి దట్స్ ఫైన్ అనడం నాకు అలవాటైంది. అన్న ప్రతిసారీ గుండెల్లో ఎక్కడో కలుక్కుమనేది గాని, పైకి కనిపించేది కాదు.

పరీక్షకు వేరే రాష్ట్రంలో స్థిరపడిన ఒక తెలుగు పెద్దాయన వచ్చారు. కోటు, టై వేసుకున్నారు. లోపల మా మేడం గారు, ఆయన, మధ్యలో ఒక బల్ల. నేను ఆలస్యంగా చేరినవాణ్ణి కాబట్టి నా నంబరు చివరిది. పొద్దుటి నుంచి వరండాలో కూర్చుని లోపలికి వెళ్ళేవాళ్ళను, వచ్చేవాళ్ళను చూస్తున్నాను. అందరూ ఇట్టే వెళ్ళి అట్టే వచ్చేస్తున్నారు. అందరి మొహాలూ వెలిగిపోతున్నాయి.

"అడిగాను, నో అన్నారు, దట్స్ ఫైన్ అన్నాను, అయిపోయింది!" అన్నాడు వెనక బెంచీ కుర్రాడు.

"నాకూ అదే చీటీ," అంది నా బెంచీ పిల్ల బయటికి వస్తూ. "ఆగాను బాబాయ్ గారూ. ఒక్కసారికే ఆగాను. మీరూ ఆగండి, మీకు దణ్ణం పెడతాను."

భోజనాల వేళ దాటిపోయాక నా పేరు పిలిచారు. చీటీ తీశాను. నాదీ అదే. నేను ఇంటాయన్ని, పరీక్షకుడు అతిథి. ఇవ్వజూపాలి, ఆయన వద్దంటారు, నేను మర్యాదగా ఒప్పుకోవాలి. హమ్మయ్య అనుకున్నాను.

అప్పుడు బల్ల చూశాను. సంభాషణ సహజంగా ఉండాలని మేడం గారు ఒక పళ్ళెంలో ఆత్రేయపురం పూతరేకులు తెచ్చి పెట్టారు. నెయ్యి వాసన గదంతా నిండి ఉంది. పళ్ళెం నిండుగా ఉంది, ఒక్కటి కూడా కదల్లేదు. ఆ నిండు పళ్ళెం చూసేసరికి నా బుర్ర దాని పని అది మొదలెట్టేసింది. ఇంతమంది పిల్లలు ఈయనకు ఇదే పళ్ళెం చూపించి తినమన్నారు. చీటీలో ఉంది కాబట్టి ఈయన ఇంతసార్లు వద్దన్నారు. ఇంతసార్లూ ఎవరూ రెండోసారి అడగలేదు. మధ్యాహ్నం దాటింది.

"ప్లీజ్ హావ్ వన్ సర్," అన్నాను.

"నో, థ్యాంక్యూ," అన్నారు. మాట నాతో అన్నారు, చూపు మాత్రం పళ్ళెం మీదే ఉంది.

దట్స్ ఫైన్ అన్న మాట నాలుక దాకా వచ్చింది. అది అంటే పదికి పది, ఆ తర్వాత ప్రాక్టికల్స్. అనకపోతే ఆ గడిలో సున్నా. ఇది నాకు స్పష్టంగా తెలుసు. తెలిసే అన్నాను. "సర్, జస్ట్ వన్."

మేడం గారి పెన్ను బల్ల మీద టక్కున పడింది.

"నో, నో. థ్యాంక్యూ వెరీ మచ్," అన్నారాయన, ఆశ్చర్యంగా.

ఇక నన్ను ఆపడం నా వల్ల కూడా కాలేదు. ఆ తర్వాత నేను మాట్లాడినదంతా ఇంగ్లీషులోనే. మీరు చాలా దూరం నుంచి వచ్చారు. పొద్దుటి నుంచి మాట్లాడుతున్నారు, మాట్లాడటం కూడా పనే. మా వైపు ఇంటికొచ్చిన మనిషి ఒక్కసారి వద్దన్నాడని ఊరుకుంటే, వాళ్ళ బంధువుల్లో మా పేరు చాలాకాలం వినపడుతుంది, మంచిగా కాదు. మీరు తినకపోతే ఇది చేసిన ఆవిడ బాధపడుతుంది, ఆవిడ ఎవరో నాకు తెలియదు, అయినా బాధపడుతుంది. ఇలా ఒక వాక్యం మీద ఇంకో వాక్యం వచ్చేస్తోంది. అన్ని మాటలు నాలో ఉన్నాయని నాకే తెలియదు.

ఆయన ఇబ్బందిగా తన చీటీ ఎత్తి చూపించారు. తాను వద్దనాలని అందులో రాసి ఉందన్నారు.

"సర్," అన్నాను, "కార్డ్ ఈజ్ నాట్ హంగ్రీ."

ఆయన మేడం గారి వైపు చూశారు. మేడం గారు కిటికీలోంచి బయటికి చూడటం మొదలెట్టారు. ఆయన ఒక పూతరేకు తీసుకున్నారు. కొరకగానే రేకు పగిలి పొడి టై మీద పడింది. రెండోది, ఆ తర్వాతవీ నేను అడక్కుండానే తీసుకున్నారు. ఇది కాగితమా అని అడిగారు. కాదండీ బియ్యం అన్నాను. ఎలా చేస్తారన్నారు. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పిండి నీళ్ళలో ముంచిన గుడ్డను కుండ మీద ఒక్కసారి లాగితే రేకు వస్తుందని, చెయ్యి కాలకుండా ఎలా లాగాలో, నెయ్యీ పంచదారా ఏ పాళ్ళలో వేయాలో మొత్తం చెప్పాను. పంచదార లెక్క దగ్గర ఆయన అడ్డు ప్రశ్నలు వేశారు, నేను జవాబులిచ్చాను. పళ్ళెంలో మిగిలిన చివరిది నన్ను తినమన్నారు. నో, థ్యాంక్యూ అన్నాను. మళ్ళీ అడిగారు. తిన్నాను.

వరండాలోకి వచ్చేసరికి నా బెంచీ పిల్ల ఎదురుగా నిలబడింది.

"ఇంతసేపేంటి బాబాయ్ గారూ? రెండోసారి అడిగేశారా?"

"నాలుగు."

"నాలుగా! అయ్యో, మీకు దణ్ణం పెట్టాను కదా!"

ఈలోపు మేడం గారు తలుపు తీసి, పిల్లలందరినీ మళ్ళీ లోపలికి రమ్మన్నారు. పని గడి అందరికీ నిండింది గాని, అందరూ రెండేసి ముక్కలు మాట్లాడి వచ్చేయడంతో మిగతా మూడు గళ్ళలో ఏం వేయాలో పెద్దాయనకు తెలియడం లేదట. ఇంకాస్త మాట్లాడించాలన్నారు. పళ్ళెం ఖాళీ అయిపోయింది కాబట్టి నన్ను క్యాంటీన్‌కి పంపి అరటిపళ్ళు తెప్పించారు. ఈసారి ఎన్నిసార్లయినా అడగొచ్చన్నారు.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. తలుపు సందులోంచి నాకు అన్నీ వినపడుతూనే ఉన్నాయి. నా బెంచీ పిల్ల ఆయనకు అరటిపండు ఇవ్వజూపింది. నో అన్నారు. మళ్ళీ అడిగింది. మళ్ళీ నో. ఈసారి నిజంగానే కడుపు నిండి అంటున్నారు పాపం, గొంతులో తెలుస్తోంది. మూడోసారి అడిగింది. ఆఖరికి ఆయన ఇంగ్లీషు వదిలేసి, "అమ్మా, వద్దమ్మా, నిజంగా వద్దు," అన్నారు. ఒకటి తినిపించింది. తర్వాత వెనక బెంచీ కుర్రాడు వెళ్ళాడు. అతని పద్ధతి వాళ్ళ అమ్మమ్మ గారి పద్ధతి.

సాయంత్రానికి పెద్దాయన బయటికి వచ్చారు. కోటు రెండు జేబుల్లోనూ అరటిపళ్ళున్నాయి. మా వైపు చూడకుండా నడిచి వెళ్ళి ఆటో ఎక్కారు.

మేడం గారు మార్కుల కాగితంతో వచ్చి నా ముందు నిలబడ్డారు. "సర్, మీది చెప్తాను. పని గడిలో సున్నా. ఒక్కటి కూడా వేయలేమన్నారు."

"న్యాయమేనండి."

"ఉచ్చారణ ఆరు. వ్యాకరణం ఏడు. తడబడకుండా మాట్లాడటం ఎనిమిది."

కూడి చూశాను. పంతొమ్మిది వచ్చింది. ఒక్కటి తక్కువ. ఒక ఏడాది పోయింది. ఒక పూతరేకుకు ఒక ఏడాది. పెద్దాయన తినకుండా వెళ్ళి ఉంటే నా మనసు ఎలా ఉండేదో ఆలోచించాను. అదీ బాగుండేది కాదు. "ఫరవాలేదు మేడం గారండీ," అన్నాను. "వచ్చే ఏడాది వస్తాను."

"ఎందుకు?" అన్నారావిడ.

"పంతొమ్మిదే కదండీ."

ఆవిడ కాగితం వైపు చూశారు, నా వైపు చూశారు. "మళ్ళీ కూడండి."

"ఆరు, ఏడు, ఎనిమిది," అన్నాను. నోట్లోంచి మళ్ళీ పంతొమ్మిదే వచ్చింది. ఎన్నో వేల విస్తళ్ళకు పప్పు లెక్క వేసిన మనిషిని, మూడు అంకెలు కూడటం రావడం లేదు.

నా బెంచీ పిల్ల నా చెయ్యి పట్టుకుని వేళ్ళు ఒక్కొక్కటే విప్పుతూ, ఒకటో తరగతి పిల్లాడికి చెప్పినట్టు పైకి లెక్కపెట్టింది. నా వేళ్ళు అయిపోతే తన వేళ్ళు వాడింది. అవీ అయిపోయాక వెనక బెంచీ కుర్రాడి వేలు ఒకటి అరువు తీసుకుంది. ఇరవై ఒకటి.

"లెక్కలాయన మీరేనా బాబాయ్ గారూ?" అని అడిగింది.

మేడం గారు ప్రాక్టికల్స్‌కి వెళ్ళేవాళ్ళ కాగితం నా ముందు పెట్టి పెన్ను ఇచ్చారు. నా వేళ్ళకు ఇంకా పూతరేకుల నెయ్యి ఉంది. పెన్ను రెండుసార్లు జారింది. సంతకం సరిగ్గా పడలేదు, కాగితం మీద మరక పడింది. ఆవిడ ఆ మరక చుట్టూ పెన్సిలుతో గీత గీసి, పక్కన నా పేరు రాసుకున్నారు.